కీమోకూ కీమోకూ మధ్య

కీమో ఎక్కించే రోజు భయపడాల్సింది తక్కువ. పక్కన నర్సు ఉంటుంది, వాంతులు కాకుండా ముందే ఇంజెక్షను ఇస్తారు. కష్టమంతా ఇంటికి వచ్చాకే. వారం, రెండు వారాల మధ్య తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. ఆ రోజుల్లో థర్మామీటరు 100.4 డిగ్రీలు దాటిందంటే అది మామూలు జ్వరమని ఊరుకోకూడదు. గంటల్లో ప్రాణం మీదికి తెచ్చే ఇన్ఫెక్షను కావచ్చు. మన ఊళ్లలో జరిగేది వేరు. రాత్రి ఒళ్లు కాలుతుంటే ఆర్ఎంపీ వచ్చి పారాసెటమాల్ ఇస్తాడు. చెమట పడుతుంది, ఒళ్లు చల్లబడుతుంది, ‘తగ్గిందిలే’ అని ఇంటిల్లిపాదీ పడుకుంటారు. లోపల ఇన్ఫెక్షను మాత్రం ముదురుతూనే ఉంటుంది. ఆ రాత్రే ఆసుపత్రిలో నరానికి యాంటీబయాటిక్ ఎక్కించాలని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక ఆపరేషను, కీమో, కరెంటు (రేడియేషను) పెట్టించడం పేదింటికి అందాయి. ఇది చిన్న మేలు కాదు. 2023 డిసెంబరులో తెలంగాణ చికిత్స పరిమితిని 10 లక్షలకు, ఆంధ్రప్రదేశ్ 25 లక్షలకు పెంచాయి. అయితే పరిమితి ఎంత పెంచినా ఆ రాత్రి జ్వరానికి దారి చూపదు. దానికి కావలసింది డిశ్చార్జి కాగితం మీద తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఒక ఫోన్ నంబరు, అర్ధరాత్రయినా ఎత్తి మాట్లాడే నర్సు. చికిత్సకు డబ్బిచ్చే పథకం దీన్ని కూడా చికిత్సగానే లెక్కగట్టాలి.

తిండి సంగతి ఇంకా దారుణం. నోటికి, గొంతుకు కరెంటు పెట్టించుకున్న మనిషికి నోరంతా పూస్తుంది, ఉమ్మి ఊరదు, ముద్ద దిగదు. గుట్కా నమిలిన కుర్రాడైనా, ఉత్తరాంధ్రలో చుట్ట నిప్పు నోట్లో ఉంచి అడ్డపొగ తాగి అంగిట్లో పుండు తెచ్చుకున్న ముసలమ్మయినా పడే బాధ ఇదే. అప్పుడే చుట్టాలు దిగి పథ్యం చెబుతారు: గుడ్డు వద్దు, మాంసం వద్దు, పెరుగు అసలే వద్దు. ప్రేమతోనే చెబుతారు, కానీ మనిషి చిక్కిపోతాడు. చిక్కిపోతే సిట్టింగులు మధ్యలో ఆగుతాయి, ఆగితే జబ్బుకు బలం వస్తుంది. కారం మానేసి, అన్నం మెత్తగా పప్పుకట్టులో పిసికి, ఉడికిన గుడ్డు చిదిమి కలిపి పెట్టడం, ఉప్పూ వంటసోడా కలిపిన నీళ్లతో రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించడం మందుతో సమానం. ఇది వంట చేసే ఇల్లాలికి చెప్పాలి. ఫైలు పట్టుకుని వచ్చిన కొడుక్కి చెప్పి ఊరుకుంటే వంటింటి దాకా చేరదు.

నొప్పి మాటకొస్తే మన ప్రవర్తన క్షమించరానిది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం భయంతో మందుల షాపులు నొప్పి తగ్గించే మార్ఫిన్ పెట్టడమే మానేశాయి. 2014లో పార్లమెంటు ఆ చట్టాన్ని సడలించింది. అయినా జిల్లాల్లో ఆ మాత్ర దొరకడం ఇప్పటికీ గగనమే. ‘అలవాటైపోతుందేమో’ అని ఇంట్లోవాళ్లు జంకుతారు. డాక్టరు చెప్పిన మోతాదులో వాడితే క్యాన్సర్ నొప్పికి ఆ భయం అక్కర్లేదు.

అక్టోబరు రాగానే రొమ్ము క్యాన్సర్ అవగాహన పేరిట గులాబీ రిబ్బన్లు, పరుగులు మొదలవుతాయి. అవగాహన అవసరమే, తొందరగా గుర్తిస్తే బతుకుతారు. కానీ ఇప్పటికే చికిత్సలో ఉన్నవాళ్ల మాటేమిటి? చికిత్సకు వేరే ఊరు వెళ్లే క్యాన్సర్ రోగికి రైలు స్లీపరులో టిక్కెట్టు పూర్తి ఉచితం, తోడు వెళ్లేవారికి 75 శాతం రాయితీ. దిగాక ఉండేదెక్కడ? రేడియేషను వారానికి ఐదు రోజుల చొప్పున ఆరేడు వారాల దాకా సాగుతుంది. అన్నాళ్లు కూలి పోగొట్టుకుని ఆసుపత్రి వరండాలో పడుకునేవాళ్లే ఎక్కువ. విరాళం ఇవ్వాలనుకునే కంపెనీలూ, అమెరికాలోని మన సంఘాలూ ఆసుపత్రి పక్క వీధిలో నాలుగు గదులు అద్దెకు తీసుకుని, ఒక గ్యాస్ పొయ్యి, తోడు వచ్చినవాళ్లకు రోజుకింత బత్తెం ఏర్పాటు చేస్తే చాలామంది ఆఖరి సిట్టింగు దాకా నిలబడతారు.