టైరు కొనునపుడు తేదీ చూడవలెనా?

నిత్యము తిరిగెడు లారీ టైరు అరిగి పోవును. రైతు ట్రాక్టరు ట్రక్కు టైరు ముదిరి పోవును. ట్రక్కుకు పని కొన్ని నెలలే, తక్కిన కాలమంతయు ఎండలో నిలిచియుండును. గాలికి, వేడికి రబ్బరు గట్టిపడి బీటలు వారును, లోపలి పొరల పట్టు సడలును. గ్రిప్పు నిండుగా కనిపించినంత మాత్రమున టైరు మంచిదనుకొనరాదు. కావున తయారీ తేదీ లారీ యజమానికంటె రైతుకే ముఖ్యమని మా అభిప్రాయము.

తేదీ తెలిసికొనుట సులభము. టైరు ప్రక్కన ముద్రించిన నాలుగంకెలలో మొదటి రెండు వారమును, చివరి రెండు సంవత్సరమును తెలుపును. 3524 అనగా 2024వ సంవత్సరము 35వ వారమున తయారైనదని అర్థము. ఒక ప్రక్క కనిపించనిచో రెండవ ప్రక్క చూడవలెను. మూడంకెలే యున్నచో అది 2000కు పూర్వపుది, కొనరాదు.

నిలువయున్న టైరు చెడదని వర్తకులందురు. చల్లని చీకటి గదిలో ఏడాది, రెండేండ్లున్న దానికి ఆ మాట చెల్లును. ఎండ తగులు అంగడి ముంగిట నున్నదానికి చెల్లదు. ఇంటివద్ద స్పేరు టైరును మోటారు గదిలో ఉంచుటయు తగదు. మోటారు నిప్పురవ్వల వలన పుట్టు ఓజోను రబ్బరును చీల్చును.

దమ్ము చేయు టైరు చీలిన పని ఆగును. వడ్ల బస్తాలతో, మనుష్యులతో రోడ్డున పోవు ట్రక్కు టైరు పగిలినచో ప్రాణములకే ముప్పు. గ్రామాధికారులు రైతుసభలలో ఈ నాలుగంకెలు చదువుట నేర్పవలెను.