ఫార్మాట్ కొట్టే ముందు డ్రైవర్‌ను అడుగుండ్రి

కంప్యూటర్ మొరాయించిందంటే మన దిక్కు ముందుగాల వచ్చే మాట 'వైరస్ పడ్డది'. రెండో మాట 'ఫార్మాట్ కొట్టాలె'. కొట్టిచ్చినంక సర్టిఫికెట్లు, ఫోటోలు, దుకాణం లెక్కలు అన్ని గంగల కలుస్తయి. తీరా చూస్తే చానాసార్లు దొంగ వైరస్ కానే కాదు, డ్రైవర్.

ఈ డ్రైవర్ లారీ నడిపేటాయన కాదు. ప్రింటర్, కెమెరా, గ్రాఫిక్స్ కార్డు అసొంటి సామాన్లకు, విండోస్‌కు నడుమ మాట కలిపే సాఫ్ట్‌వేర్. మామూలు యాప్ ఇంటికొచ్చిన చుట్టం లెక్క, అరుగు మీదనే కూసుంటది. అది పడిపోతే అదొక్కటే బంద్ అయితది. చానా డ్రైవర్లు గట్ల కాదు, ఇంట్ల లోపలి అర్ర దాకా పోతయి. ఆ అర్రను కెర్నల్ అంటరు. అక్కడ తప్పు జరిగితే, ఉన్న డేటా గూడ ఖరాబు కావద్దని విండోస్ తనంతట తానే ఆగిపోతది. మనకు కనవడే నీలం స్క్రీన్ గదే. కొత్త విండోస్ 11ల అది నల్లగైంది.

లోపలి అర్రల తప్పు జరిగితే ఏమైతదో 2024 జులై 19న లోకమంత చూసింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే అమెరికా సెక్యూరిటీ కంపెనీ మన టైం ప్రకారం పొద్దుగాల 9:39కి ఒక అప్‌డేట్ ఇడిచింది. 10:57కు ఎన్కకు తీసుకున్నది. నడిమిట్ల గంటా 18 నిమిషాలే. గంతట్లనే దగ్గర దగ్గర 85 లక్షల విండోస్ సిస్టాలు పడిపోయినయని మైక్రోసాఫ్ట్ లెక్క చెప్పింది. మన శంషాబాద్ ఎయిర్‌పోర్టుల బోర్డింగ్ పాసులు చేతితోని రాసిచ్చిండ్రు. మన దేశంల 10 బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలకు చిన్నచిన్న ఇబ్బందులైనయని రిజర్వ్ బ్యాంక్ చెప్పింది. అమెరికాల డెల్టా అనే ఒక్క విమాన కంపెనీయే తనకు 50 కోట్ల డాలర్ల నష్టమని లెక్క కట్టింది.

కారణం ఇంటే నవ్వాలెనో ఏడ్వాలెనో తెల్వది. ఆ అప్‌డేట్ 21 వివరాలు చూడుమన్నది. డ్రైవర్ చేతికి అందినయి 20యే. లేని 21వ దాన్ని చదవబోయి డ్రైవర్ బోర్ల పడ్డది, దాని ఎంబడి విండోస్ పడ్డది. హ్యాకర్ లేడు, వైరస్ లేదు. కొన్ని సిస్టాల మీద పెట్టి చూసి తర్వాత అందరికి ఇద్దామనే జాగ్రత్త ఆ ఫైలు కాడ పాటించలేదు. గిసొంటిదే 2010 ఏప్రిల్‌ల మెకాఫీ అప్‌డేట్‌తోని విండోస్ ఎక్స్‌పీ సిస్టాలకు అయింది. అంటే 14 ఏండ్ల కిందటి దెబ్బ గూడ పాఠం కాలే.

రిపేరు గూడ ఒక్క బటన్‌తోని కాలే. ఎక్కువ సిస్టాల కాడ మనిషి కూసోని, సేఫ్ మోడ్‌ల తెరిచి, ఆ ఒక్క ఫైలు తీసేయాల్సి వచ్చింది. బిట్‌లాకర్ తాళం ఉన్న సిస్టాలు 48 అంకెల రికవరీ కీ అడిగినయి. ఆ కీ యాడ పెట్టిండ్రో తెల్వక పెద్ద పెద్ద ఆఫీసులే తిప్పలు పడ్డయి.

ఆ కంపెనీలకు ఐటీ టీములున్నయి. మరి మనకు? నేను బాటసింగారం సంది రాస్తున్న. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ మా కాడికి వచ్చింది, లాజిస్టిక్ పార్కు వచ్చింది. లోడు బిల్లు కానుంచి కుల సర్టిఫికెట్ దాకా అన్ని సిస్టం మీదనే. ఊర్ల ఉండే ఒక్క నెట్ సెంటర్ బంద్ పడితే, ఆఖరి తారీఖు నాడు అప్లికేషన్ పెట్టాల్సిన పిల్లకు ఏడాది పోతది. గందుకే ఈ పని మన పోరగాళ్లకు రావాలె.

చేయాల్సింది బ్రహ్మవిద్య ఏం కాదు. ఎర్రర్ స్క్రీన్‌ను ఫోన్‌ల ఫోటో తీయుండ్రి. దాని మీద '.ఎస్‌వైఎస్' అని తోక ఉన్న ఫైలు పేరుంటే అదే మొదటి ఆనవాలు. ముంగట 'ఎన్‌వీ' ఉంటే ఎన్విడియా గ్రాఫిక్స్‌ది కావొచ్చు. తర్వాత, నిన్న మొన్న ఏం కొత్తది పెట్టిండ్రో యాది చేసుకోండ్రి: ప్రింటరా, అప్‌డేటా? సిస్టం సక్కగ తెరుసుకోకుంటే, లోడ్ అయ్యేటప్పుడు రెండు మూడు సార్లు పవర్ బంద్ చేస్తే రిపేర్ మెనూ వస్తది. అండ్లకెళ్లి సేఫ్ మోడ్‌కు పోవచ్చు. అక్కడ అవసరమైన డ్రైవర్లే నడుస్తయి. డివైస్ మేనేజర్‌ల అనుమానమున్న దాన్ని పట్టుకోని 'రోల్ బ్యాక్' కొడితే పాత డ్రైవర్ వస్తది. ఆ బటన్ పని చేయకుంటే డ్రైవర్‌ను తీసేసి, కంపెనీ సొంత సైటుకెళ్లి మళ్ల ఎక్కియ్యాలె. సేఫ్ మోడ్‌ల గూడ పడిపోతుంటే ర్యామ్, డిస్క్ చూపియ్యాలె. ఇవన్ని అయినంకనే ఫార్మాట్ మాట.

'అన్ని డ్రైవర్లు ఫ్రీగ అప్‌డేట్ చేస్తం' అనే యాప్‌ల జోలికి పోకుండ్రి. జులై 19 తర్వాత 'మేం బాగు చేస్తం' అనుకుంట దొంగ మెయిళ్లు తిరిగినయి, జాగ్రత్త అని మన సెర్ట్-ఇన్ గూడ చెప్పింది. బిట్‌లాకర్ కీ ఇయ్యాలనే కాయితం మీద రాసి దాసుకోండ్రి.

ఇగ సర్కారుకు అడగాల్సిందొకటున్నది. 'మా ఎన్‌ఐసీ నెట్‌వర్క్‌కు ఏం కాలే' అని ఆనాడు కేంద్ర మంత్రి అశ్వినీ వైష్ణవ్ చెప్పిండు. మంచిదే. గని ఈసారి తప్పినంత మాత్రాన ఎప్పటికీ తప్పదు. జనం సర్టిఫికెట్లు, భూముల రికార్డులు నడిచే సిస్టాలకు అప్‌డేట్ ముందుగాల పదింటికి ఇచ్చి చూసినంకనే అన్నింటికి ఇయ్యాలె. సిస్టం పడిన దినం కాయితం మీద దరఖాస్తు తీసుకునే ఏర్పాటుండాలె. సర్వర్ డౌన్ అయిన నాడు ఆఖరి తారీఖు పొడిగించాలె. శంషాబాద్‌ల విమానం ఎక్కెటోళ్లకు చేతి రాత పాస్ చెల్లింది. మీసేవ కాడ లైన్ల నిలబడ్డోళ్లకు చేతి రాత రశీదు ఎందుకు చెల్లదు?