అరెస్టయిన కుర్రవాడికి బడి కాగితమే అండ

కొట్లాట కేసులోనో, దొంగతనం కేసులోనో కుర్రవాడిని పోలీసులు తీసుకుపోతే కన్నవారు సిఫార్సుల కోసం పెద్దమనుషుల ఇళ్ళకు పరుగులు తీయడం, అప్పులు చేయడం పల్లెల్లో పరిపాటి. ముందుగా వెళ్ళవలసింది వాడు చదివిన బడికి.

2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం, నేరం జరిగిన నాటికి 18 ఏళ్ళు నిండని వారిని లాకప్పులో గాని, జైలులో గాని ఉంచరాదు. ప్రయాణ కాలం పోను 24 గంటల్లోగా జువెనైల్ జస్టిస్ బోర్డు ఎదుట హాజరుపరచాలి. కన్నవారికి కబురు చేయాలి. కొన్ని మినహాయింపులు తప్ప, జామీను లేకున్నా బెయిలు ఇవ్వవచ్చు.

వయసుకు మొదటి రుజువు బడి లేదా పదో తరగతి సర్టిఫికెట్. అది లేకుంటేనే పంచాయతీ జనన పత్రం, అదీ లేకుంటే వైద్య పరీక్ష. బడిలో చేర్చేటప్పుడు నోటికి వచ్చిన తేదీ రాయించడం మనకు పాత అలవాటు. ఏడాది ఎక్కువ రాయిస్తే 17 ఏళ్ళవాడు పెద్దల జైలు పాలు కావచ్చు.

16 నిండినవారిపై ఘోర నేరారోపణ ఉంటే, బోర్డు పరిశీలించి పెద్దలతో సమానంగా విచారణకు పంపవచ్చు. కనుక వకీలు తప్పనిసరి. పిల్లలకు ఉచిత న్యాయ సహాయం హక్కు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థను గాని, 15100 నంబరును గాని అడగాలి.

తప్పొప్పులు బోర్డు తేలుస్తుంది. వయసు కాగితం వేళకు అందించడం కన్నవారి పని.