తెర వేగం సరే... లోపలి చిప్ మాటేమిటి?

మానిటర్ కొనడానికి వెళ్తే ఒకప్పుడు ఎన్ని అంగుళాలన్నదే ప్రశ్న. ఇప్పుడు దాని పక్కన ఇంకో అంకె వచ్చి చేరింది. 60, 75, 100, 144, 165... పెట్టె మీద కొట్టొచ్చినట్టు కనిపించే ఈ హెర్ట్జ్‌లు ఎంత ఎక్కువైతే అంత గొప్పనుకుని, పిల్లల చదువు కోసం దాచిన డబ్బులోంచి మరికొన్ని వేలు దానికే పోసేవారున్నారు. తీరా ఇంటికి తెచ్చి ఉన్న సీపీయూకి తగిలిస్తే తేడా ఏమీ కనిపించదు. లోపం మానిటర్‌ది కాదు. దానికి బొమ్మలు అందించాల్సిన చిప్ గురించి ఎవరూ అడగకపోవడమే అసలు చిక్కు.

తెర మీది బొమ్మ సెకనుకు ఎన్నిసార్లు కొత్తగా మారగలదో చెప్పేదే రిఫ్రెష్ రేటు. 60 హెర్ట్జ్ అయితే 16.7 మిల్లీసెకన్లకోసారి, 144 అయితే 6.9 మిల్లీసెకన్లకోసారి మారుతుంది. మౌస్ బాణం, పైకీ కిందికీ జరిపే పేజీ నున్నగా కదులుతాయి. కానీ మానిటర్ తనంతట తాను బొమ్మ గీయదు. ఆ పని గ్రాఫిక్స్‌ది. చాలా ఇళ్లలోని కంప్యూటర్లకు వేరే గ్రాఫిక్స్ కార్డు ఉండదు. ప్రాసెసర్‌లోనే కలిసిపోయిన ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ ఆ బరువు మోస్తుంది. కాబట్టి అడగాల్సినవి రెండు. అది అంత వేగంగా బొమ్మల్ని పంపగలదా? అంత వేగంగా గీయగలదా?

దారి ఇరుకైతే...

ఫుల్ హెచ్‌డీ తెరలో 1920 అడ్డం, 1080 నిలువు... మొత్తం 20,73,600 పిక్సెల్స్. 60 హెర్ట్జ్ దగ్గర సెకనుకు 12.44 కోట్ల పిక్సెల్స్ వివరాలు కేబుల్లోంచి వెళ్లాలి. 144 దగ్గర ఆ లెక్క దాదాపు 29.86 కోట్లు. దారి వెడల్పు చాలకపోతే వేగం తగ్గక తప్పదు. 2009లో వచ్చిన హెచ్‌డీఎంఐ 1.4 సామర్థ్యం సెకనుకు 10.2 గిగాబిట్లు. ఫుల్ హెచ్‌డీలో సాధారణంగా 120 హెర్ట్జ్ దాకా, 4కేలో 30 దాకా నడుస్తుంది. 2013 నాటి హెచ్‌డీఎంఐ 2.0 దాన్ని 18 గిగాబిట్లకు పెంచడంతో 4కేలో 60 సాధ్యమైంది.

ఉదాహరణకు 2020లో వచ్చిన ఇంటెల్ కోర్ ఐ5-10400 తీసుకోండి. అందులోని గ్రాఫిక్స్ హెచ్‌డీఎంఐ 1.4 ద్వారా 4కేని 30 హెర్ట్జ్‌కే ఇస్తుంది. డిస్‌ప్లేపోర్ట్ ద్వారా అయితే 60 ఇస్తుంది. అదే చిప్, అదే మానిటర్... తగిలించే చోటు మారితే కదలిక మారిపోతుంది! కొన్ని మదర్‌బోర్డుల్లో అదనపు చిప్ పెట్టి హెచ్‌డీఎంఐ వేగం పెంచుతారు. అందుకే ప్రాసెసర్ ఒక్కటే కాదు, మదర్‌బోర్డు మాన్యువల్ కూడా చూడాలి.

గీసే చేయి ఒక్కటే

పంపడం ఒక ఎత్తు, గీయడం మరో ఎత్తు. ఉత్తరాలు టైపు చేయడానికి, నెట్ చూడటానికి, ఆన్‌లైన్ పాఠాలకు ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ చాలు. పోర్టు సహకరిస్తే 144 దగ్గరా ఈ పనులు తేలిగ్గా చేస్తుంది. సినిమాకు మాత్రం దాంతో ఒరిగేది తక్కువ. మామూలుగా సినిమాలో ఉండేవి సెకనుకు 24 ఫ్రేములే. 144 హెర్ట్జ్ తెర ఒక్కో ఫ్రేమును ఆరుసార్లు చూపిస్తుంది, అంతే.

కథంతా ఆటల దగ్గరే. చిప్ సెకనుకు 40 ఫ్రేములు మాత్రమే గీస్తే, 144 హెర్ట్జ్ తెర మీదా కనిపించేవి ఆ 40 రకాల బొమ్మలే. భారీ ఆటల్లో పాత ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్‌కి 60 అందుకోవడమే గగనం. పైగా దానికి సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌నే పంచుకుంటుంది. అందుకే 16 జీబీ స్టిక్ ఒక్కటి పెట్టేకన్నా 8 జీబీవి రెండు సరైన స్లాట్లలో పెడితే మెమరీకి దారి రెట్టింపై ఆటలు మెరుగవుతాయి. చిప్ వేగాన్ని బట్టి తన వేగం మార్చుకునే అడాప్టివ్ సింక్ మానిటర్‌లోనూ చిప్‌లోనూ ఉంటే, బొమ్మ చీలినట్టు కనిపించే బాధా తగ్గుతుంది.

కొనేముందు...

'60 అయితే కళ్లు పాడవుతాయి' అనే మాటకు కంగారుపడొద్దు. పాత సీఆర్‌టీ మానిటర్లు 60 దగ్గర రెపరెపలాడేవి కాబట్టి 85కు పెంచుకునేవారు. ఎల్‌సీడీ తెర అలా ప్రతిసారీ ఆరి వెలగదు.

* సీపీయూ వెనక హెచ్‌డీఎంఐ ఉందో, డిస్‌ప్లేపోర్ట్ ఉందో చూసుకుని ఫొటో తీసుకెళ్లండి.
* ప్రాసెసర్ నంబరుతో కంపెనీ సైట్లో గరిష్ఠ రిజల్యూషన్, హెర్ట్జ్ చూడండి.
* మానిటర్ బిగించాక విండోస్‌ సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలోకి వెళ్లి రిఫ్రెష్ రేటు ఎంతుందో చూడండి. 144 మానిటర్ కూడా చాలాసార్లు అక్కడ 60 దగ్గరే ఆగి ఉంటుంది!

చదువుకీ ఆఫీసు పనికీ 75 లేదా 100 హెర్ట్జ్ దండిగా సరిపోతుంది. మిగిలిన డబ్బుతో రెండో ర్యామో, ఎస్ఎస్‌డీయో కొంటే కంప్యూటర్ మొత్తానికీ ఊపు వస్తుంది. ఏడాదిలోపు గ్రాఫిక్స్ కార్డు కొనే ఆలోచన గట్టిగా ఉంటే మాత్రం 144 ముందే తీసుకోవడం దండగ కాదు. లేదంటే మంచం ఉన్నంతవరకే కాళ్లు చాపుకోవడం మేలు!