బద్ద వంకరైతే గీతా వంకరే



తలుపు సరిగా కూర్చోకపోతే వడ్రంగిని తప్పుపడతాము. గచ్చు ఎగుడుదిగుడుగా ఉంటే మేస్త్రీని అంటాము. వారి చేతిలోని బద్ద సంగతి ఎవరమూ అడగము. అది వంగి ఉంటే ఎంత నేర్పు గల చేయి అయినా ఆ వంకరనే పనిలోకి దించుతుంది. కాబట్టి పని కన్నా ముందు బద్దను పరీక్షించాలి.

ఇందుకు ఖర్చేమీ లేదు. చదునైన బల్ల మీద కాగితం పరచి, సన్నగా చెక్కిన పెన్సిలుతో బద్ద అంచు వెంట గీత గీయండి. తరువాత పుస్తకంలో పేజీ తిప్పినట్లు బద్దను గీతకు అవతలి వైపు బోర్లించండి. అదే అంచును గీత రెండు కొసలకు ఆనించి మళ్లీ గీయండి. రెండు గీతలు ఒక్కటైతే బద్ద మంచిదే. నడుమ ఒక మిల్లీమీటరు సందు వచ్చిందంటే బద్దలో అర మిల్లీమీటరు వంకర ఉన్నట్లు. పిల్లల స్కేలుతో కూడా ఇలా చేసి చూడండి.

చదును చూడడం మరొక పని. పొలం దగ్గర ఆయిల్ ఇంజను హెడ్ వేడికి వంగితే, గాస్కెట్ ఎన్నిసార్లు మార్చినా మళ్లీ పోతుంది. డబ్బూ పోతుంది, తడి అందక పైరూ ఎండుతుంది. అందుకే తెలిసిన మెకానిక్ హెడ్‌ను శుభ్రంగా తుడిచి, ఖచ్చితమైన స్టీలు బద్దను దాని మీద నిలబెట్టి, వెనుక నుండి వెలుతురు వస్తున్నదేమో చూస్తాడు. వెంట్రుక మందంలో పదోవంతు సందైనా వెలుతురుకు దొరికిపోతుంది. సందు ఎంతో ఫీలర్ గేజితో కొలుస్తాడు. బద్దను నిలువుగా, అడ్డంగా పెడితే చాలదు, మూల నుండి మూలకు కూడా పెట్టాలి. మెలిక తిరిగిన పలక నిలువుగా, అడ్డంగా తిన్నగానే కనబడవచ్చు. దాని గుట్టు మూలల్లో బయటపడుతుంది.

మరి ఆ స్టీలు బద్దను దేనితో సరిచూస్తారు? అంతకన్నా నిక్కమైన చదును పలకతో. ఆ పలకను దేనితో? ఇంగ్లండుకు చెందిన జోసెఫ్ విట్‌వర్త్ 1840లో గ్లాస్గోలో జరిగిన శాస్త్రజ్ఞుల సభలో దీనిని గురించే మాట్లాడాడు. అలాంటి పలకలను మూడింటిని కలిపి తయారు చేస్తారు. రెండే అయితే ఒకటి ఉబ్బుగా, మరొకటి అంతే గుంటగా ఉండి చక్కగా అతుక్కుపోగలవు. మూడవదాన్ని కూడా ఆ ఉబ్బు పలకకే సరిపెట్టి, రెండు గుంట పలకలను ఎదురెదురుగా ఉంచితే మోసం బయటపడుతుంది. నీలం రంగు పలుచగా పూసి, ఒకదానిపై ఒకటి ఆనించి, రంగు అంటిన మిట్టలను గీకుతూ పోతారు. జతలు మార్చి మార్చి, మూడూ ఒకదానితో ఒకటి కలిసేవరకు ఓపికగా చేస్తారు.

ఇంత శ్రమతో వచ్చిన తిన్నదనాన్ని కాపాడుకోవాలి. సరిచూసే బద్దతో గీతలు గీయకండి, దానికి వేరే బద్ద ఉంచుకోండి. ఒక అంచుకే ఎండ తగిలేటట్లు వదిలితే ఆ పక్క సాగి బద్ద వంగుతుంది. పని కాగానే తుడిచి, నూనె రాసి, పెట్టెలో పెట్టండి.

ఇద్దరు ఒకే మాట చెప్పినంత మాత్రాన అది నిజమైపోదని ఆ రెండు పలకలు చెప్పడం లేదా? మూడవదాన్ని కూడా పెట్టి చూడండి.