బీడీ చాటలో వెట్టి

నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల ప్రాంతాలలో చాట ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టే స్త్రీలను చూసి, ‘ఇంటిపట్టున ఉండి నాలుగు రూపాయలు గడిస్తున్నారు’ అని మెచ్చుకునేవారు మనలోనూ ఉన్నారు. ఆ మెప్పు ఎవరికి లాభమో ఆలోచించవలసి ఉన్నది.

ఇల్లే కార్ఖానా అయినప్పుడు అద్దె, కరెంటు, దగ్గు అన్నీ కార్మికురాలివే. ఇచ్చిన తునికాకు చాలకపోతే కొని పూరించవలసినది ఆమే. ‘ఛాట్’ పేరిట తీసివేసిన బీడీలకు కూలి లేదు. పక్కన కూర్చొని ఆకు కత్తిరించిన బిడ్డ శ్రమ ఏ లెక్కలోకీ రాదు. నష్టభయాన్ని కూలివారికి వదలి లాభాన్ని తాను ఉంచుకోవడమే ఇక్కడ పెట్టుబడి నేర్పు. పనిచేసే ముస్లిం స్త్రీలలో 70 శాతం ఇంటిలోనే పనిచేస్తున్నారనీ, అందరినీ కలిపి చూస్తే అది 51 శాతమేననీ 2006లో సచార్ కమిటీ తెలిపింది. కాబట్టి ఇది మన సమస్య. అయితే మనది మాత్రమే కాదు, పక్కవాడలోని పద్మశాలి సోదరీమణులదీ ఇదే బాధ.

‘ఇష్టపడే చేస్తున్నారు కదా’ అన్నది మార్కెట్ వాదం. దీనికి సుప్రీంకోర్టు 1982లోనే, ఏషియాడ్ నిర్మాణ కార్మికుల కేసులో, జవాబిచ్చింది. ఆకలి కూడా బలవంతమే. కనీస వేతనానికి తక్కువగా చేయించుకున్న పని రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టియే అని తీర్పు చెప్పింది. న్యాయమైన వేతనాన్ని మానవహక్కుగా గుర్తించిన 1966 నాటి అంతర్జాతీయ ఒడంబడికలో మన దేశం 1979లో చేరింది. ఇంటిపని కార్మికుల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో చేసిన 177వ ఒప్పందాన్ని మాత్రం ఆమోదించలేదు. అదే 1966లో వచ్చిన బీడీ కార్మికుల చట్టం, ఇంటివద్ద చుట్టేవారిని సైతం ఉద్యోగులుగానే పరిగణించింది. ఆ చట్టం చెల్లుతుందని 1974లో సుప్రీంకోర్టు నిర్ధారించింది కూడా.

అయినా పెన్షన్ వస్తే దయ అనుకుంటున్నాము, కూలి పెంచితే ఉపకారం అనుకుంటున్నాము. ‘హక్కు’ అన్న మాట తెలుగులోకి అరబ్బీ నుండే వచ్చింది. మన నోటనే అది తక్కువగా వినబడుతున్నది. సదఖా ఇచ్చేవాడి ఇష్టం, కూలి ఇవ్వవలసినవాడి బాకీ.

దస్త్రాల మధ్య ఉద్యోగం చేసి దిగినవాడిగా ఒక్క మాట. ఆఫీసులో కాగితం లేని బాకీ బాకీ కాదు. వేసిన బీడీలెన్ని, ఛాట్ తీసినవెన్ని, చేతికందిన డబ్బెంత అన్నది ప్రతి ఇంటిలో ఒక నోటుబుక్కులో తేదీతో రాయించండి. పి.ఎఫ్. ఖాతా, గుర్తింపు కార్డు ఎవరికి లేవో వాడవాడలా జాబితా తయారు చేయండి. చదువుకున్న మన పిల్లలకు ఇది రెండు ఆదివారాల పని. ఆ జాబితాలు చేతబట్టుకొని కార్మికశాఖ కార్యాలయానికి రెండు వాడలవారూ కలిసే వెళ్ళాలి.