ఒక్కమాఱు వలదన్న వలదనియేనా?

ఇంటికి వచ్చినవారి నాదరించుట యెల్ల దేశములందును గలదు. ఆదరించు తీరులు మాత్రము వేఱువేఱు. వీని నెఱుగకపోవుటచే మంచి మనసుగలవారే యొండొరులను మర్యాద తెలియనివారని తలంచి దూరమగుచుందురు. ఈ మాసమున చీనావారి తీరును, పాశ్చాత్యుల తీరును ప్రక్కప్రక్కన నుంచి చూతము.

చీనా గృహమున తేనీరో ఫలహారమో యిచ్చినప్పుడు అతిథి మొదట వలదనుట పెద్దలనాటి మర్యాద. వెంటనే పుచ్చుకొన్న ఆశపోతు అనుకొందురేమో, ఇల్లాలికి శ్రమ యగునేమో యని సంకోచము. ఆమె రెండుమూడు మాఱులు బ్రతిమాలిన పిమ్మట గ్రహించును. ఇంగ్లండు, అమెరికాలలో సాధారణముగా ఒక్కమాఱు వలదన్న వలదనియే యర్థము. మఱల బలవంతపెట్టుట అతిథి మాటను మన్నింపకపోవుటగా నెంతురు. కావున తన దేశపు మర్యాదనే పాటించిన చీనా విద్యార్థి ఆంగ్లేయుల యింటినుండి దాహముతోనే మరలివచ్చును. చీనావారి యింట విందు గుడుచు పాశ్చాత్యుడు మర్యాదకై పళ్లెమంతయు ఖాళీ చేయును. ఇంకను ఆకలి తీరలేదని యిల్లాలు మఱల నింపును! కొంచెము మిగిల్చినగాని కడుపు నిండినట్లు కాదని అచ్చటి పూర్వాచారము. ఆహారము వ్యర్థము కాగూడదని 2021లో చీనాలో చట్టమే వచ్చినది గనుక ఇది యిప్పుడు మాఱుచున్నది.

పొగడ్త విషయమును అట్టిదే. వంట బాగున్నదన్న పాశ్చాత్య స్త్రీ సంతసించి "థాంక్సు" అనును. చీనా యిల్లాలు పూర్వపు వినయముచే "నాలీ, నాలీ" అనును. "ఎక్కడ, ఎక్కడ" అని దాని యర్థము. బల్లనిండ వంటకము లమర్చియు "కూరలేమియు లేవు" అని నొచ్చుకొనును. నేటి యువతులు అచ్చటను కృతజ్ఞత చెప్పుటకు అలవాటుపడుచున్నారు.

కానుకను పాశ్చాత్యులు ఇచ్చినవారి యెదుటనే విప్పి మెచ్చుకొందురు. చీనావారు రెండుచేతులతో నందుకొని, అతిథి వెడలిన పిమ్మట విప్పుట వాడుక. గడియారమును మాత్రము వారి కీయరాదు. గడియారము నిచ్చుట, అంత్యకాలమున దగ్గఱ నుండుట యను మాటలు వారి భాషలో ఒక్కతీరుగ వినబడును.

చీనా పెద్దలు ఎదురుపడినప్పుడు "చీ ల మా", అనగా "భోజనమైనదా", అని పలుకరింతురు. పాశ్చాత్యుడు దీనిని విందునకు పిలుపని భ్రమపడవచ్చును. మనకిది క్రొత్తకాదు, మన అత్తగార్లును అమ్మలును అడుగు కుశలమే యిది. ఇంటివారికి మాటిమాటికి కృతజ్ఞత చెప్పుట పరాయితనమని చీనావారివలె మనయందును పలువు రెంతురు. పాశ్చాత్యులో, ఉప్పు అందించిన భర్తకును బిడ్డకును కృతజ్ఞత చెప్పుదురు. అది వారికి ప్రేమలోని భాగము.

నేడు మన యాడుబిడ్డ లెందఱో విదేశములందు కాపురము చేయుచున్నారు. ఇరుగుపొరుగున పాశ్చాత్యులును చీనావారును ఉందురు. చీనా పొరుగామె వలదన్న మఱియొకమాఱు అడుగుడు. పాశ్చాత్య స్నేహితురాలు వలదన్న ఊరకుండుడు. ఆమె యిచ్చినప్పుడు మీకు కావలసియున్న మొదటిమాఱే పుచ్చుకొనుడు. ఎదుటివారి మాట వింతగా తోచినప్పుడు కినుక వహింపక, వారింట దాని కేమి యర్థమో విచారింపుడు. చేయిజాఱిపోవలసిన స్నేహములు పెక్కు ఈ పాటి యోర్పుతో నిలుచును.